మలితోలు

దీపావళి వెళ్లిన మూడో రోజు నుంచి తిర్యాణిలో తోలుబండి తిరుగుతుంది. బండి అంటే ఒక పెద్ద తొట్టి, దానికి రెండు గొట్టాలు, వెనకాల మనిషి నిలబడేందుకు ఇరుకైన గది. ఇంటింటి ముందూ ఆగుతుంది. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, కళ్లు మూసుకుని, చేతులు చాచి నిలబడతారు. గోరువెచ్చని తుంపర ఒంటినిండా పడుతుంది. పావుగంట ఆరాక బయటికి వచ్చేసరికి ఒంటి మీద ఇంకో ఒళ్లు ఉంటుంది. 2093 నాటికి ఇది ఎవరికీ వింత కాదు. పిల్లలు మాత్రం చక్కిలిగిలి అని నవ్వుతారు.

ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ద్వితీయ చర్మం. సైంటిస్టులు జీవపొర అంటారు. జనం మాత్రం మొదటి రోజు నుంచీ మలితోలు అనే అన్నారు. తొడుక్కునేవాళ్లకు లేని పట్టింపు మనకెందుకని కొన్నాళ్లకు సైంటిస్టులు కూడా ఆ పేరుకే అలవాటుపడ్డారు.

నలభై ఏళ్ల కిందట గాలులు దారి మార్చుకున్నాయి. అప్పటి నుంచి ఈ కొండల్లో చలికాలం అయిదు నెలలు. వట్టి చలే అయితే రగ్గు కప్పుకుని కుంపటి దగ్గర కూర్చోవచ్చు. కానీ ఆ గాలిలో తేమ చుక్క ఉండదు. కార్తీకం రాగానే పెదవులు, మడమలు, వేళ్ల కణుపులు ఎండాకాలపు చెరువులా నెర్రెలిచ్చేవి. నెర్రె లోతుకు దిగితే అందులోంచి విషం రక్తంలోకి పోయేది. ఆ జబ్బును నెర్రెజబ్బు అనేవాళ్లు. వాజిలిన్లు, క్రీములు, వెన్నపూస అన్నీ పూశారు. పూసినవన్నీ గంటలో గాలి తాగేసేది. ఏటా సంక్రాంతి నాటికి మండలంలో కనీసం వందమంది పోయేవాళ్లు.

మలితోలు వచ్చాక ఆ చావులు ఆగిపోయాయి. అదేమీ మంత్రం కాదు. మన చర్మం మీద ఎప్పుడూ బతికే మంచి బ్యాక్టీరియాను తెచ్చి, మచ్చిక చేసి, పట్టుపోగులాంటి సన్నని ప్రొటీన్ దారంతో అల్లారు. అది మన చెమట తిని బతుకుతుంది. బదులుగా నూనె చేసి పెడుతుంది, తేమను బయటికి పోనివ్వదు. హోలీ నాటికి దాని ఆయువు తీరి కుబుసంలా ఊడి వస్తుంది. ఆ కుబుసాలను జనం కాముని మంటలో వేస్తారు.

దానికి ఒక్కటే లోపం ఉందని అందరికీ తెలుసు. మలితోలు పని చేస్తున్నన్నాళ్లూ కింద ఉన్న అసలు చర్మం ఏ పనీ చేయదు. వండిపెట్టే మనిషి దొరికాక పొయ్యి వైపు చూడని మొగుడిలా, తన నూనె తాను చేసుకోవడం మానేస్తుంది. చలికాలం మధ్యలో మలితోలు పోయిందా, పదిహేను రోజుల్లో ఒళ్లంతా మాంసం దాకా పగులుతుంది. అలా ఎందుకు పోతుందిలే అని ఎవరూ దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

దీన్ని కనిపెట్టింది డాక్టర్ హైమవతి. యాభయ్యారేళ్ల మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. ఊరి చివర ఉన్న శీతచర్మ పరిశోధనాలయానికి ఆమే పెద్ద. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. హైమవతి రచ్చ గెలిచింది. ఇంటి సంగతి తిర్యాణిలో అందరికీ తెలుసు కనుక ఎవరూ అడగరు. తెలియని మీకు నేను చెప్పాలి.

ఆమెకున్న తోడబుట్టినవాడు ఒక్కడే, అన్న మురహరి. గిన్నెధరి గుట్ట మీది వాతావరణ కేంద్రంలో పరిశీలకుడు. పదకొండేళ్ల కిందట, మలితోలు ఇంకా పరీక్షలో ఉన్న ఏడు, అతని భార్య భ్రమరాంబకు కాళ్లు పగలడం మొదలైంది. మొదటి పరీక్షకు నలభై మందినే తీసుకోవాలి. చీటీలు వేసి తీయాలి, పరిశోధకుల బంధువులు ఉండకూడదు. ఆ నియమం రాసింది హైమవతే. మురహరి పరిశోధనాలయానికి వచ్చి, వరండా బల్ల మీద రెండు గంటలు కూర్చుని, తన భార్యకు ఒక్క చోటు అడిగాడు. ఆమె వీల్లేదంది. నియమం ప్రకారం ఆమె చెప్పింది సరైనదే. ఆ నలభై మందీ బతికారు. భ్రమరాంబ పుష్యమాసంలో పోయింది.

పోయిన రోజు ముత్తైదువలు శవానికి పసుపు రాస్తున్నారు. హైమవతి కూడా వదిన పాదాల దగ్గర కూర్చుని పసుపు గిన్నెలో చేయి పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ మురహరి, ఆ చేతులతో ఆమెను ముట్టుకోవద్దన్నాడు. గట్టిగా కూడా అనలేదు. హైమవతి లేచి, పెరట్లో చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. ఎంత కడిగినా ఆ పసుపు గోళ్లలోంచి మూడు రోజుల దాకా పోలేదు. అప్పటి నుంచి అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రక్తం ఇద్దరిలోనూ ఒకటే.

అయినా ఆమె రోజూ అతని గొంతు వినేది. ఉదయం ఆరింటికి రేడియోలో గిన్నెధరి ఉష్ణోగ్రత చదివేది మురహరే. ఆ పని యంత్రం చేయలేక కాదు. సున్నా కింద నాలుగు అని యంత్రం చెబితే జనం నమ్మి స్వెట్టర్ వేసుకునేవారు కాదు. చలిలో వణుకుతున్న మనిషి చెబితేనే నమ్మేవారు. హైమవతి టీ పెట్టుకుంటూ వినేది. అతను చదవడం ముగించాకే స్టవ్ కట్టేసేది.

2093లో కార్తీకం సగం కాకముందే మలితోళ్లు చచ్చిపోవడం మొదలైంది.

మొదట మంచిర్యాల నుంచి ఒక కబురు, తర్వాత బెల్లంపల్లి నుంచి పదకొండు, తర్వాత అన్ని వైపుల నుంచీ. పొర బూడిద రంగుకు తిరిగి, పాత గోడ సున్నంలా పెచ్చులు రాలుతోంది. మళ్లీ కొట్టిస్తే పదిరోజులకు మళ్లీ అంతే. మూడు వారాలు తిరిగేసరికి మూడు వందల మందికి పోయింది. అందులో పందొమ్మిది మంది చనిపోయారు. పదకొండేళ్ల తర్వాత నెర్రెజబ్బు అన్న మాట మళ్లీ వార్తల్లోకి వచ్చింది.

పరిశోధనాలయంలో లెక్కలన్నీ చూసే యంత్రం పేరు విశ్లేషిణి. దానికి గొంతు ఉంది, గ్రాంథికం వాసన వేసే మర్యాద ఉంది. అది రెండు రోజుల్లో ఒక సంగతి తేల్చింది. పట్టణాల్లో, కాలనీల్లో మలితోళ్లు చస్తున్నాయి గానీ గోండు గూడేల్లో ఒక్కటంటే ఒక్కటీ చావలేదు. గూడేల్లో ఉండి పట్టణాల్లో లేనిదేమిటి అని అందరూ బుర్ర బద్దలు కొట్టుకున్నారు. జవాబు అందరికీ ఒకేసారి తట్టింది. ఇప్పనూనె. గూడేల్లో చలికాలమంతా ఒంటికి ఇప్పగింజల నూనె రాసుకుంటారు. మలితోలు వచ్చాక అవసరం లేకపోయినా మానలేదు.

ఆ జవాబు వినడానికే ఎంతో బాగుంది. మన అడవి, మన చెట్టు, మన నూనె. పత్రికలు రాశాయి, మంత్రులు మాట్లాడారు. గానుగలు రాత్రింబవళ్లు తిరిగాయి. చాలకపోతే ప్రయోగశాలలో నూనె తయారుచేసి పదివేల డబ్బాలు పంచారు. జనం తలుపులేసుకుని, అద్దం ముందు నిలబడి, తమ ఒంటికి తాము శ్రద్ధగా రాసుకున్నారు. మలితోళ్లు ఎప్పటిలాగే చచ్చిపోయాయి. ఆ తప్పు వల్ల మూడు వారాలు, ఇంకో నలభై ప్రాణాలు పోయాయి.

తప్పెక్కడో చెప్పింది భీంబాయి. కుమ్ర భీంబాయి హైమవతి దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న సైంటిస్టు. తిర్యాణికి అవతల గూడెంలో పుట్టి పెరిగింది, ఇప్పటికీ అక్కడి నుంచే వస్తుంది. ఖాళీ డబ్బాల గుట్ట పక్కన కూర్చుని ఇద్దరూ టీ తాగుతున్నప్పుడు ఆమె నెమ్మదిగా అంది.

"మా గూడెంల ఎవ్వలి నూనె వాళ్లు రాసుకోరు మేడం. వీపు అందది గద. పొద్దుగూకినంక మంట కాడ వరసగ కూసుంటరు. వెనకాయిన ముందాయనకు రాస్తడు. నాకు మా అమ్మ రాస్తది, అమ్మకు నేను రాస్తా."

హైమవతి టీ గ్లాసు కింద పెట్టేసింది.

విశ్లేషిణి రాత్రికల్లా రుజువు చేసింది. చచ్చిపోయిన పొరల్లో బ్యాక్టీరియా రకాలు తొమ్మిదో పదో మిగిలాయి. గూడెం పొరల్లో నూట నలభై పైన ఉన్నాయి. జీవపొర ఒక ఊరు లాంటిది. బయటి నుంచి కొత్తవాళ్లు రాకపోతే తరం తరానికి చిక్కిపోతుంది. ఆ కొత్తవాళ్లు గాలిలో రారు, నూనెలో రారు. ఇంకో మనిషి వెచ్చని అరచేతి మీది నుంచే వస్తారు. మనిషికి మనిషి తగిలినన్నాళ్లూ మలితోలు బతుకుతుంది. పదకొండేళ్లలో జనం ఒకరికొకరు తగలడం ఏటికేడు తగ్గుతూ వచ్చింది. ఈ ఏటికి కొందరి విషయంలో బొత్తిగా ఆగిపోయింది.

పొర పోయినవాళ్లంతా ఒంటరివాళ్లేనా అంటే కాదు. నలుగురున్న ఇంట్లో ఒక్కరి పొరే చచ్చిపోయిన ఇళ్లు అరవై దాకా తేలాయి. ఒకచోట అత్తగారు, ఒకచోట భర్త, ఇంకోచోట పన్నెండేళ్ల పిల్ల. ఆ ఇళ్ల పేర్లు బయటికి చెప్పకూడదని పరిశోధనాలయం కమిటీ తీర్మానించింది. కానీ బూడిదరంగు చర్మం చెప్పకనే చెప్పేది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆ ఇళ్లవాళ్లు నోరు మెదపలేదు.

మందు చాలా తేలికైనది. రోజుకు పది నిమిషాలు ఇంకో మనిషి అరచేత్తో వీపు, చేతులు, కాళ్లు రుద్దాలి. ఆ సంగతి రేడియోలో అన్ని కేంద్రాల నుంచీ చదివించారు. గిన్నెధరి నుంచి చదివింది మురహరి. సున్నా కింద అయిదు అని చెప్పి, కాగితం తిప్పిన చప్పుడు చేసి, రోజుకు పది నిమిషాలు ఇంకో మనిషి చేయి అని చదివాడు. మామూలుగా ఎక్కడా తడబడని మనిషి ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. హైమవతి స్టవ్ కట్టేయడం మరిచిపోయింది, టీ పొంగిపోయింది.

వారం తర్వాత అతని గొంతులో తేడా వచ్చింది. పెదవులు కలపకుండా మాట్లాడుతున్నట్టు మాటలు అటూ ఇటూ జారిపోతున్నాయి. పెదవులు పగిలినవాళ్లు అలాగే మాట్లాడతారు. పదకొండేళ్ల కిందట తిర్యాణిలో సగం మంది మాట అలాగే ఉండేది. హైమవతి పరిశోధనాలయానికి వెళ్లగానే విశ్లేషిణిని అడిగింది. తోలుబండి లెక్కలు చూసి, అతని పొర సగానికి పైగా చచ్చిపోయిందని, వారానికోసారి మళ్లీ కొట్టిస్తూ పోతే తొమ్మిది వారాలు లాగవచ్చని అది చెప్పింది. మురహరికి పిల్లల్లేరు. గుట్ట మీద ఒక్కడే ఉంటాడు.

భీంబాయిని పంపింది. భీంబాయి గిన్నెలో ఇప్పనూనె వేడిచేసుకుని వెళ్లి, గంటలో అలాగే తిరిగి వచ్చింది. నా ఒళ్లు నేను చూసుకుంటానని అన్నాడట. టీ ఇచ్చి, మర్యాదగా మాట్లాడి, ఒంటి మీద చేయి మాత్రం వేయనివ్వలేదట. ఆరోగ్య శాఖ పంపిన ఇద్దరు వాలంటీర్లకూ అదే జవాబు. ముసలోడికి ఒళ్లంతా పొగరే అని వాళ్లు నవ్వుకుంటూ దిగిపోయారు.

"ఎవ్వరి కోసమో చూస్తున్నట్టు ఉన్నడు మేడం," అంది భీంబాయి. హైమవతి మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం హైమవతి గుట్ట ఎక్కింది. కొంగు కింద చిన్న నూనె గిన్నె పెట్టుకుంది. గేటు దాకా వెళ్లింది. వాతావరణ కేంద్రం ముందున్న తెల్ల పెట్టె దగ్గర అన్న వంగి థర్మామీటర్ చూస్తున్నాడు. మెడ మీద పొర పెచ్చులుగా లేచి ఉంది. వంగినవాడు నడుం పట్టుకుని మెల్లగా లేచి, లోపలికి పోయాడు. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. ఆ చేతులతో ముట్టుకోవద్దన్న మాట పదకొండేళ్లయినా కొత్తగానే ఉంది. ఇప్పుడు వెళ్లి ముట్టుకుంటానంటే, వద్దంటాడేమో. వద్దంటే ఈసారి తను తట్టుకోలేదు. పావుగంట నిలబడి, నూనె గడ్డకట్టాక గుట్ట దిగింది. దిగుతూ ఏడ్చింది. ఆ చలిలో కన్నీళ్లు చెంపల మీద పొరను మంటపెట్టాయి.

సోమవారం ఉదయం పరిశోధనాలయంలో కొత్త పని మొదలుపెట్టించింది. మనిషి చేతి మీది జీవాన్ని సీసాలో పట్టాలి. చేయి అవసరం లేకుండా పొరను బతికించాలి. నియమం ప్రకారం కొత్త పని మొదలుపెట్టే ముందు విశ్లేషిణి కొన్ని ప్రశ్నలు అడుగుతుంది.

"ఈ పనికి అంచనా వ్యవధి ఎనిమిది వారాలు. ప్రస్తుత చికిత్సకు రోజుకు పది నిమిషాలు చాలును. ప్రస్తుత చికిత్స సఫలమని నిరూపితమైనది. కొత్త పనికి కారణం నమోదు చేయవలెను," అంది విశ్లేషిణి.

"అందరికీ చేతులు దొరకవు," అంది హైమవతి.

"రోగి నెంబర్ ఏడు వందల ఆరు విషయంలో దొరుకును. రక్తసంబంధీకులు రెండు కిలోమీటర్ల లోపల ఉన్నారు."

హైమవతి ప్రజాప్రయోజనం అని రాసుకొమ్మంది. విశ్లేషిణి రాసుకుంది. యంత్రం కనుక ఇంకేమీ అడగలేదు.

ఆ ఎనిమిది వారాలూ హైమవతి ఇంటికి పోలేదనే చెప్పాలి. రెండు వందల మంది అరచేతులు జిగురు పలకల మీద అచ్చులు తీశారు. గూడెం నుంచి ముసలమ్మలు వచ్చి చేతులు అద్ది, నవ్వి, టీ తాగి వెళ్లారు. అచ్చుల్లో జీవాలు బాగానే పెరిగేవి. సీసాలో పోయగానే చచ్చిపోయేవి. వాటికి వెచ్చదనం కావాలి, ఉప్పు కావాలి, నాడి కొట్టుకున్నట్టు సన్నని కదలిక కూడా కావాలి. ఒక్కొక్కటే అమర్చుకుంటూ పోయారు. ఆమె చేసినంత పని ఆ వయసులో ఇంకొకరు చేయలేరని భీంబాయి అందరికీ చెప్పేది. ఏ గుట్ట ఎక్కలేక ఇంత పని చేస్తోందో భీంబాయికి తెలుసు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

రేడియోలో గొంతు రోజురోజుకూ పలచబడింది. అయిదో వారం మధ్య మధ్యలో దగ్గు. ఆరో వారం రెండు రోజులు వేరే గొంతు చదివింది. ఏడో వారం అతను మళ్లీ వచ్చి, సున్నా కింద ఆరు అని మాత్రం చెప్పి ఆగిపోయాడు. ఆ తర్వాత గిన్నెధరి నుంచి ఏమీ వినపడలేదు. హైమవతి రేడియోను పరిశోధనాలయంలోకే తెచ్చుకుని, పక్కనే పెట్టుకుని పనిచేసింది. ఒకటి రెండుసార్లు లేచి చెప్పులు వేసుకుంది. రేపటికి సీసా అయిపోతుంది కదా అని మళ్లీ కూర్చుంది.

ఎనిమిదో వారం గురువారం నాడు, ఇరవై ఏడో సీసాలో జీవాలు చావలేదు. మర్నాటికీ చావలేదు. అందులో పోసిన అచ్చు హైమవతి చేతిదే. భీంబాయి ఆ సీసా పట్టుకుని గుట్ట మీదికి పరుగెత్తింది. హైమవతి పరిశోధనాలయం గేటు దగ్గర నిలబడి, ఆమె తిరిగి వచ్చేదాకా అక్కడే ఉంది. బతికే ఉన్నాడని, తానే చల్లానని, వద్దనలేదని భీంబాయి చెప్పింది. పది రోజులకు బూడిదరంగు పోయింది. పదిహేను రోజులకు రేడియోలో మళ్లీ ఆ గొంతు వచ్చింది, సున్నా పైన రెండు అంది. హైమవతి ఆ రోజు రెండు గ్లాసుల టీ తాగింది.

తర్వాత సంగతి మీరు ఊహించగలరు. సీసాకు జనం పెట్టిన పేరు చేతిసీసా. ఒకసారి చల్లుకుంటే వారం పనిచేస్తుంది. రెండు వారాల్లో రాష్ట్రమంతా పాకింది, నెర్రెజబ్బు చావులు సున్నాకు వచ్చాయి. అరవై ఇళ్లవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అత్తగారికి ఒక సీసా, భర్తకు ఒక సీసా, పన్నెండేళ్ల పిల్లకు ఒక సీసా ఇచ్చారు. ఇప్పుడు ఎవరి పొరను చూసినా ఏ ఇంట్లో ఎవరికి ఎవరూ కాకుండా పోయారో చెప్పలేం. దాన్ని అందరూ గొప్ప మేలనే అన్నారు. హైమవతికి సన్మానాలు జరిగాయి. కప్పిన శాలువాల్లో ఒక్కటీ ఆమె ఇంటికి తీసుకుపోలేదు.

హోలీ నాలుగు రోజులుందనగా ఆమె భీంబాయిని అమ్మ ఎలా ఉందని అడిగింది.

"మంచిగుంది మేడం. సీసా ఇచ్చిన. రోజూ మంట కాడ కూసునే బాధ తప్పింది," అంది భీంబాయి. గూడెంలో ఇప్పుడు సాయంత్రాలు ఎవరి ఇంట్లో వాళ్లుంటున్నారట. అది చెబుతూ ఆమె ఏమీ బాధపడలేదు. హైమవతికే ఎక్కడో కూలినట్టయింది. బయటికి మాత్రం మంచిదేనంది.

హోలీ వచ్చింది. సీసా వాడినవాళ్లలో మొదటి వందమంది తమ కుబుసాలను మంటలో వేయకుండా పరీక్షకు తెచ్చి ఇవ్వాలని నియమం పెట్టారు. ఉదయం పదిన్నరకు వరండా బల్ల మీద మురహరి వచ్చి కూర్చున్నాడు. పదకొండేళ్ల కిందట కూర్చున్న బల్లే. ఒళ్లో పాత పేపర్లో చుట్టిన పొట్లం. భీంబాయి వెళ్లి తీసుకోబోతే పెద్ద డాక్టరుకే ఇస్తానన్నాడు. హైమవతి గదిలోంచి బయటికి వచ్చింది.

మనిషి చిక్కిపోయాడు. వేళ్ల మీద మానిన నెర్రెల తెల్ల గీతలు కనబడుతున్నాయి. పొట్లం ఆమె చేతికిచ్చి, అందులో ఎవరి చేయి ఉందని అడిగాడు. ఆమె తన అరచేయి వైపు చూసుకుంది. అర్థమైందన్నట్టు అతను తలాడించాడు.

"ఎన్ని రోజులు పట్టింది సీసాకు?" అన్నాడు.

"ఎనిమిది వారాలు."

"చానా కష్టపడ్డవంట."

"నీ కోసమే అన్నా," అంది హైమవతి. అన్నా అన్న మాట నోట్లోంచి వచ్చి పదకొండేళ్లయింది. "నా చేయి నువ్వు పడనియ్యవనుకున్న. అందుకే సీసా జేసిన. గేటు దాకా వచ్చిన ఒకనాడు."

"చూసిన," అన్నాడు మురహరి.

బయట పిల్లలు రంగునీళ్లు చల్లుకుంటూ పరుగెత్తుతున్నారు. ఈ ఏడు ఎండ తొందరగా వచ్చిందని మురహరి అన్నాడు. ఎంతని ఆమె అడిగితే ఇరవై ఎనిమిది అన్నాడు.

"ఆనాడు మీ వదిన కాడ అట్ల అనుడు నాది తప్పే. కాదంటలేను," అన్నాడు తర్వాత, నేల చూస్తూ. "నేనన్న వచ్చి అడగకపోతి. ఒక్కసారి అడిగితే కాదన్నవు గద, మల్ల అడగ బుద్ధి కాలే. నువ్వే వస్తవనుకున్న. రేడియోల నేనే చదివితి గద, ఇంకో మనిషి చెయ్యని. నువ్వు ఇంటవని ఎరుకే."

హైమవతి పొట్లం బల్ల మీద పెట్టి, చేయి చాచింది. చలికాలం పోయింది, ఇద్దరి ఒంటి మీదా పొరల్లేవు. మురహరి ఆ చేయి వైపు చూశాడు. కోపంగా చూడలేదు. ఊరు దాటిపోయిన బస్సును చూసినట్టు చూశాడు. జేబులోంచి సీసా తీసి చూపించి, వచ్చే ఏటికి కూడా ఇచ్చిండ్రు, ఇగ ఎవ్వరికీ తిప్పల లేదులే అన్నాడు. లేచి, కండువా దులుపుకుని, మెట్లు దిగబోతూ ఆగాడు.

"ఆ ఎనిమిది వారాలు తలుపుకు గొళ్లెం పెట్టలే హైమా. అంత చలిల," అన్నాడు. "సీసా వచ్చిన నాడు పెట్టుకున్న."